జట్టు ఓడిపోతూ ఉంటే ఆన్‌లైన్ ఆర్పీజీతో మనసు కుదుటపడుతుందా?

మీరు అడిగింది ఇదీ: మీ ఫుట్‌బాల్ జట్టు సీజన్ అంతా ఓడిపోతూనే ఉంది, మ్యాచ్ చూసిన రాత్రి నిద్ర పట్టడం లేదు, అందుకని మ్యాచ్‌లు మానేసి ఆన్‌లైన్ రోల్ ప్లేయింగ్ గేమ్ మొదలుపెట్టారు, అక్కడైనా పడ్డ కష్టానికి ఫలితం కనబడుతోంది. ఇలా మారినవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా, వాళ్లకు హాయిగా ఉందా అని.

ఉన్నాను. ముందు సూటిగా చెప్పేస్తా: ఓటమి బాధకు గేమ్ బాగానే పనిచేస్తుంది. జట్టు సంగతిలో మన మాట చెల్లదనే బాధకు మాత్రం పనిచేయదు, పైగా దాన్ని పెంచుతుంది. ఈ రెండో ముక్క గురించి ఎవరూ మాట్లాడరు, అందుకే కాస్త పెద్దగా రాస్తున్నా.

నా జట్టు హైదరాబాద్ ఎఫ్‌సీ. 2019లో పుణె సిటీ క్లబ్ మూతపడితే ఐఎస్ఎల్‌లో, అంటే ఇండియన్ సూపర్ లీగ్‌లో, ఆ స్థానంలోకి వచ్చింది, మొదటి సీజన్‌లోనే అట్టడుగున నిలిచింది. ఆ తర్వాత మనోలో మార్కెజ్ కోచ్‌గా వచ్చాడు, కుర్రాళ్లను నమ్మి ఆడించాడు, 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్ మీద ఫైనల్ గెలిచాం. 88వ నిమిషం దాకా 1-0తో వెనకబడి ఉన్నాం, అప్పుడు సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన బంతి నెట్‌లో పడింది, పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. ఆ సీజన్‌లో మన స్ట్రైకర్ ఓగ్బెచే ఒక్కడే 18 గోల్స్. కోవిడ్ మూలంగా మ్యాచ్‌లన్నీ గోవాలోనే పెట్టారు కాబట్టి మనం ఛాంపియన్లు అయిన సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా మన గచ్చిబౌలి స్టేడియంలో జరగలేదు. కప్పు మనదే, కానీ ఆ ఆటను మన ఊరు స్టాండ్లలో కూర్చుని చూడలేదు. ఇది నాకు ఇప్పటికీ లోటుగానే ఉంటుంది.

ఇక 2023-24. 22 మ్యాచ్‌ల్లో 1 గెలుపు, 5 డ్రాలు, 16 ఓటములు. 8 పాయింట్లు. వేసిన గోల్స్ 10, తిన్నవి 43. జీతాల బకాయిలు, కొత్త ఆటగాళ్లను తీసుకోవడానికి వీల్లేకుండా నిషేధం, ఒక్కొక్కరే జట్టు వదిలి వెళ్లిపోవడం, ఇవన్నీ అప్పట్లో పేపర్లలో వచ్చినవే. ఆ ఒక్క గెలుపు కూడా మార్చిలో చెన్నైలో వచ్చింది, చెన్నైయిన్ మీద 1-0. అంటే ఇక్కడ గచ్చిబౌలిలో చూసినవాళ్లకు ఆ సీజన్ అంతా గెలుపన్నదే లేదు.

నేను నాగోల్‌లో ఉంటాను. మెట్రో ఎక్కితే బ్లూ లైన్ మీద ఇటు చివర నుంచి అటు చివర రాయదుర్గం, అక్కడ దిగి ఆటో. గచ్చిబౌలి బాలయోగి స్టేడియం అథ్లెటిక్స్ కోసం కట్టింది కాబట్టి స్టాండ్లకూ పచ్చికకూ మధ్య రన్నింగ్ ట్రాక్ ఉంటుంది, మామూలుగా అయితే ఆటగాళ్లు ఏమనుకుంటున్నారో మనకు వినబడదు. కానీ జనం పలచబడిన రోజుల్లో గోల్‌కీపర్ డిఫెండర్ల మీద అరిచే అరుపు ట్రాక్ దాటి పైదాకా వచ్చేది. మూడో గోల్ పడ్డాక ఆ అరుపులో కోపం పోయి బతిమాలడం వినబడేది. ఇరవై, ఇరవై ఒక్కేళ్ల పిల్లలు, ఎదురుగా వేరే జట్ల విదేశీ స్ట్రైకర్లు, అయినా 90వ నిమిషంలో కూడా బంతి వెనక పరిగెత్తుతూనే ఉండేవారు. వాళ్ల మీద నాకు ఒక్క రోజూ కోపం రాలేదు. డప్పు వాయించేవాళ్లు కూడా ఆపలేదు, పసుపు రంగు జెండాలు స్టాండ్‌లో ఆ మూల దించలేదు. కానీ తిరుగు ప్రయాణంలో ఎవరూ నోరు విప్పేవారు కాదు, డీఎల్ఎఫ్ దగ్గర రోడ్డు పక్క తినడానికి ఆగినా ఆట గురించి మాట తప్ప అన్నీ మాట్లాడుకునేవాళ్లం.

ఆ రోజుల్లోనే ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్‌కి మళ్లీ అలవాటు పడ్డాను. చిన్నప్పుడు అమీర్‌పేటలో నెట్ సెంటర్లో గంటకింత అని కట్టి ఆడిన గేమ్ ఇది, బ్రౌజర్‌లోనే నడిచేది కాబట్టి ఏ డొక్కు కంప్యూటర్ అయినా సరిపోయేది. ఇప్పటికీ మనలాంటివాళ్లకు పనికొచ్చేది ఎందుకంటే దీని సర్వర్ మనం చేసిన పనులను 0.6 సెకనుకు ఒకసారి మాత్రమే లెక్క వేసుకుంటుంది, మనం ఎక్కడో దూరపు సర్వర్‌కి కనెక్ట్ అయినా పింగ్, అంటే సర్వర్‌కి మాట వెళ్లి రావడంలో ఆలస్యం, పెద్దగా ఇబ్బంది పెట్టదు. క్షణంలో వందో వంతు లెక్కన తేలిపోయే గేమ్‌లు ఇక్కడి నుంచి యూరప్ సర్వర్లలో ఆడితే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

ఓటమి తర్వాత ఇది ఎందుకు పనిచేస్తుందో చెప్తా. మీరు చెట్టు నరుకుతారు, దుంగ సంచిలో పడుతుంది, సంచిలో 28 గళ్లు, నిండితే బ్యాంకుకి వెళ్లి వేసి రావాలి, మళ్లీ చెట్టు. ప్రతి దుంగకూ ఇంత అని అనుభవం పాయింట్లు, అవి ఎప్పటికీ తగ్గవు. 99వ లెవెల్‌కి 1,30,34,431 పాయింట్లు కావాలి, అందులో సగం ఎక్కడ పూర్తవుతుందో తెలుసా, 92వ లెవెల్ దగ్గర. ఈ సంగతి మొదటిసారి తెలిసినవాళ్లు నీరసపడతారు, నాకు మాత్రం ధైర్యంగా అనిపించింది, ఎందుకంటే ఎంత దూరం ఉందో కచ్చితంగా రాసి పెట్టి ఉంది. అదృష్టం మీద ఆధారపడ్డ చోట కూడా అంతే, అబిస్సల్ డీమన్ అనే రాక్షసుణ్ణి చంపితే అబిస్సల్ విప్ అనే కొరడా దొరికే అవకాశం 512లో ఒకటి అని అందరికీ తెలుసు. వెయ్యి చంపినా రాకపోవచ్చు. అయినా మోసపోయాననిపించదు, లెక్క కళ్ల ముందే ఉంది కదా.

ఫుట్‌బాల్‌లో మనం స్టాండ్‌లో గొంతు చించుకున్నంత మాత్రాన పాయింట్ల పట్టికలో ఒక్క అంకె మారదు. కాబట్టి ఆదివారం రాత్రి 0-3 చూసి వచ్చి ఒక గంట చెట్లు నరికితే మనసు తేలికపడుతుంది, అందులో సందేహం లేదు, హాయిగా ఆడుకోండి.

ఇప్పుడు అసలు విషయం. ఆడుతూ ఉంటే ఈ గేమ్‌లో ఇంకో సంగతి గమనించాను. 2007 నాటి పాత రూపం మళ్లీ కావాలని ఆటగాళ్లు అడిగితే 2013లో ఓటింగ్ పెట్టి, లక్షల ఓట్లు వచ్చాక దాన్ని తెరిచారు. ఆ తర్వాత కూడా పెద్ద మార్పు ఏదైనా పెట్టాలంటే ఆటగాళ్ల ఓటుకు వెళ్తుంది, మొదట్లో 75 శాతం ఒప్పుకోవాలని నియమం, తర్వాత దాన్ని 70కి తగ్గించారు. ఎన్నో ప్రతిపాదనలు ఓటుతోనే ఆగిపోయాయి. నెలకింత అని చందా కట్టే నాలాంటి మామూలు ఆటగాడికి కూడా, గేమ్‌లో కొత్త నైపుణ్యం రావాలా వద్దా అన్నదాని మీద ఒక మాట ఉంది.

ఫైనల్ ఫాంటసీ 14 అనే మరో ఆన్‌లైన్ గేమ్ కథ ఇంకా గట్టిది. 2010 సెప్టెంబర్‌లో విడుదలైనప్పుడు అది ఘోరంగా విఫలమైంది. కంపెనీ క్షమాపణ చెప్పింది, చాలా కాలం చందా వసూలు చేయలేదు, నావోకి యోషిదా అనే ఆయనకు బాధ్యత అప్పగించింది. ఆయన మొదట్లో చేసిన పనుల్లో ఒకటి ఆటగాళ్లకు ఉత్తరాలు రాయడం, ఏం తప్పు జరిగింది, ఏం మార్చబోతున్నాం అని ఒక్కొక్కటిగా. 2012 నవంబర్‌లో ఆకాశం నుంచి చంద్రుడు రాలిపడి లోకం అంతమైనట్టు చూపించి పాత గేమ్ మూసేశారు, 2013 ఆగస్టులో కొత్తగా కట్టి మళ్లీ తెరిచారు. పాత ఆటగాళ్ల పాత్రలను పారేయలేదు, కొత్త లోకంలోకి తెచ్చారు. ఓడిపోయిన సీజన్ అంటే ఇదే కదా, కానీ ఆ చెడ్డకాలంలో నిలబడ్డవాళ్లకు ఏం జరుగుతోందో తెలిసింది, వాళ్లు పోగు చేసుకున్నది వాళ్ల దగ్గరే ఉంది.

ఇది చూశాక మన ఆట వైపు చూస్తే కడుపు తరుక్కుపోతుంది. 2024-25లో మన జట్టు చివరి నుంచి రెండో స్థానం, 2025లో క్లబ్ ఢిల్లీకి తరలిపోయింది, ఇప్పుడు దాని పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. యజమాన్యానికి దాని లెక్కలు దానికి ఉంటాయి, వ్యాపారం అన్నాక నష్టాలు చూసుకోవాలి, నేను వాళ్లను తిట్టడానికి రాయడం లేదు. ఐఎస్ఎల్ పద్ధతే అలాంటిది, జట్టు అంటే లీగ్‌లో ఒక స్థానం, ఆ స్థానం ఊరు మారొచ్చు, అభిమానిని అడగాలన్న నియమం ఎక్కడా లేదు. 2019లో పుణె వాళ్లకూ ఇదే జరిగిందని అప్పుడు నాకు తట్టలేదు, జట్టు వచ్చిందన్న సంబరంలో ఎవరికైనా ఎందుకు తడుతుంది. జర్మనీలో క్లబ్ ఓట్లలో సగానికి పైగా సభ్యుల చేతిలోనే ఉండాలని 50+1 అనే నియమం ఉంది, ఒకటి రెండు మినహాయింపులు తప్పితే అక్కడ ఏ కోటీశ్వరుడూ జట్టును ఎత్తుకుపోలేడు. ఒక చెట్లు నరికే గేమ్‌లో నాకున్న ఓటు నా ఊరి జట్టులో ఎందుకు ఉండకూడదు? ఈ ప్రశ్న గేమ్ ఆడకపోతే నాకు వచ్చేదే కాదు, వచ్చాక మాత్రం పోవడం లేదు.

మా క్లాన్‌లో, అంటే గేమ్‌లో కలిసి ఆడే మా గుంపులో, దక్షిణ లండన్ కుర్రాడు ఒకడు ఉన్నాడు, ఏఎఫ్‌సీ వింబుల్డన్ అభిమాని. ఢిల్లీ వార్త వచ్చిన రోజు క్లాన్ చాట్‌లో చెప్తే అందరూ బాధపడుతున్నట్టు ఏదో ఒక బొమ్మ పెట్టారు, అతను మాత్రం పెద్ద సందేశం రాశాడు. వాళ్ల పాత క్లబ్ మిల్టన్ కీన్స్ అనే ఊరికి మారడానికి 2002లో అనుమతి వచ్చింది, దూరం దాదాపు తొంభై కిలోమీటర్లు. అభిమానులు కొన్ని వారాల్లోనే సొంతంగా కొత్త క్లబ్ పెట్టారు, వింబుల్డన్ కామన్ అనే మైదానంలో ఎవరైనా రావొచ్చని సెలెక్షన్ పెట్టి జట్టును ఎంచుకున్నారు, ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో తొమ్మిదో అంచె నుంచి మొదలుపెట్టి 2011లో ఫుట్‌బాల్ లీగ్‌లోకి ఎక్కారు. క్లబ్ ఇప్పటికీ అభిమానుల ట్రస్టు చేతిలోనే ఉంది. 2020లో ప్లౌ లేన్‌కి, అంటే తమ వాడకే తిరిగొచ్చి కొత్త స్టేడియం కట్టుకున్నారు. వాళ్ల నాన్న ఆ సెలెక్షన్ రోజు గట్టు మీద నిలబడి చూశాడట.

మనం అలా చేయగలమా అంటే అంత తేలిక కాదు, డబ్బు, మైదానం, లైసెన్సు, అన్నీ కావాలి. కానీ హైదరాబాద్ ఫుట్‌బాల్ 2019లో పుట్టలేదు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు అనే ఫుట్‌బాల్ టోర్నీ గెలిచింది మన సిటీ పోలీస్ జట్టు, కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయనే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌ను నాలుగో స్థానం దాకా తీసుకెళ్లాడు, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిపించాడు. ఆ జట్టులో ఆడిన తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ కుర్రాడు. ఐఎస్ఎల్ కింది అంచె అయిన ఐ-లీగ్‌లో మన హైదరాబాద్ జట్టే, శ్రీనిధి దక్కన్, 2022-23, 2023-24 రెండు సీజన్లలోనూ రెండో స్థానంలో నిలిచింది, అజీజ్‌నగర్ దగ్గర దక్కన్ అరీనాలో ఆడేది, పెద్ద హడావిడి ఉండదు, కానీ లైన్ పక్కనే నిలబడ్డంత దగ్గరగా ఆట కనబడుతుంది.

కాబట్టి మీ ప్రశ్నకు నా సలహా ఇది. మ్యాచ్‌లు పూర్తిగా మానేయకండి. మ్యాచ్ నడుస్తుండగా గేమ్ పెట్టుకుంటే చెట్లు నరకడం, చేపలు పట్టడం లాంటివే పెట్టుకోండి, బాస్ ఫైట్‌కి, అంటే పెద్ద రాక్షసులతో పోరాటానికి, వెళ్లకండి, రెండూ చెడతాయి. ఓడిపోయిన రాత్రి క్లాన్ చాట్‌లో మాట్లాడండి, స్కోరు మాత్రమే కాదు, ఎలా ఆడారో చెప్పండి, ఫుట్‌బాల్ తెలిసినవాడు ఒకడైనా తగులుతాడు. మీ జట్టు ఏదో మీరు రాయలేదు. విదేశీ జట్టు అయితే అర్ధరాత్రి మ్యాచ్‌లకు వారానికి ఒకటి చాలు, ఆరోగ్యం ముఖ్యం. ఇక్కడి జట్టే అయితే, అది జిల్లా లీగ్‌లో ఆడేదైనా సరే, ఏ మైదానమో, ఏ రోజో కామెంట్‌లో పెట్టండి, సాయంత్రం మ్యాచ్ అయితే నేను ఆఫీసు నుంచి నేరుగా వచ్చేస్తా.