గుడ్డు దొరకని మూడు రోజులు

తమ్ముడూ,

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను కాబట్టి పక్కన ఖాళీ అంతా నా గీతలే ఉంటాయి, బెంబేలు పడకు.

లిథువేనియా చలి, యెషివా అనే ఆ యూదుల మత పాఠశాలలో బల్లలు, కొవ్వొత్తి కారిన మరకలు బాగా కుదిరాయి. కుదరనిది ఆ కుర్రాడే. నెలరోజులు ఉపవాసం, ఆడగాలి సోకని గది, ఒక రాత్రి బోరున ఏడుపు, తెల్లారేసరికి కోరిక చచ్చిపోయింది. విశ్వామిత్రుడికి నల్లటోపీ పెట్టి యెషివాలో కూచోబెట్టావు నువ్వు.

కోరిక నిజంగా చచ్చిపోతే ఏమవుతుందో యూదులు ఎప్పుడో ఆలోచించి పెట్టారు. వాళ్ల పాత పండితుల వాదాలూ కథలూ కూర్చిన తాల్ముడ్‌లో, యోమా అనే భాగంలో ఉందా కథ. బాబిలోను చెర నుంచి తిరిగొచ్చిన జనం, విగ్రహాల పిచ్చి వల్లే గుడీ పోయింది, ఊరూ పోయింది అని ఏడ్చి, ఆ పిచ్చిని తమ చేతికి పట్టివ్వమని దేవుణ్ణి అడుగుతారు. అది గర్భాలయంలోంచి నిప్పుల సింహప్పిల్లలా బయటికొస్తుంది. సీసపు పాత్రలో పెట్టి మూసేస్తారు. వేళ మంచిదిగదా అని, పనిలో పనిగా కామాన్ని కూడా ఇమ్మంటారు. అదీ చిక్కుతుంది. "నన్ను చంపితే లోకం ఉండదు, చూసుకోండి" అంటుంది అది. సరే చూద్దామని మూడు రోజులు కట్టేస్తారు. ఆ మూడు రోజుల్లో ఇశ్రాయేలు దేశమంతా గాలించినా అప్పుడే పెట్టిన గుడ్డు ఒక్కటి దొరకదు.

కోళ్లు కూడా మానేశాయన్నమాట.

ఏం చేయాలో పాలుపోదు. సగమే అడుగుదామా అంటే, పైనుంచి సగాలు ఇవ్వరు. చివరికి దాని కళ్లు పోగొట్టి వదిలేస్తారు. అప్పట్నుంచి మనిషికి సొంత రక్తసంబంధీకుల మీద ఆ ధ్యాస పుట్టదట. అంత హడావుడికీ మిగిలిన లాభం అదొక్కటే.

నీ కుర్రాడు గెలిచిన మర్నాడు ఆ ఊరి సంతలో ఏం కనపడలేదో నువ్వు రాయలేదు. కోరిక పోయింది, ఊళ్లో అన్నీ మామూలుగానే ఉన్నాయి. అక్కడే నాకు నమ్మకం పోయింది.

ఇక మాట సంగతి. పదకొండు చోట్ల సాతాను అని రాశావు. సాతాను, చెడు ప్రేరణ, మృత్యుదూత ముగ్గురూ ఒక్కరేనని తాల్ముడ్ పండితుడు రేష్ లాకిష్ అన్నమాట నిజమే, నీ పక్షాన ఓ సాక్షి ఉన్నాడు. అయినా ఆ చెడు ప్రేరణకి హీబ్రూలో మాట యేత్సెర్ హరా. యేత్సెర్ రూపు దిద్దడం అనే ధాతువులోంచి వచ్చిన మాట. కుమ్మరిని యోత్సెర్ అంటారు. మన తెలుగు బైబిల్లో, ఆదికాండం 6వ అధ్యాయంలో, ఈ మాటకే "ఊహ" అని పెట్టారు. కథలు రాసేవాడివి, ఈ అనువాదం దగ్గర కాసేపు ఆగు. సృష్టి ముగిశాక దేవుడు "చాలా మంచిది" అన్నాడు కదా, ఆ "చాలా మంచిది" ఈ చెడు ప్రేరణేనని ఆదికాండం మీద పాత వ్యాఖ్యానం బెరేషిత్ రబ్బాలో ఉంది. ఇది లేకపోతే ఎవడూ ఇల్లు కట్టడు, పెళ్లాడడు, పిల్లల్ని కనడు, బేరసారాలు చేయడు అంటారు. అందుకని హీబ్రూ మాటే ఉంచెయ్. అరిషడ్వర్గం అని మాత్రం మార్చకు. ఆ మాట వెనకే మన అడవీ, మన ఆశ్రమమూ వచ్చి కూచుంటాయి.

ఈ యేత్సెర్‌కి మందు తోరా, అంటే వాళ్ల ధర్మశాస్త్రం, అంటారు, కానీ ఆ చోట వాడిన మాట తవ్లిన్. మసాలా దినుసు అని అర్థం. (చెవికి మన తాలింపులా ఉంటుంది, చుట్టరికం ఏమీ లేదనుకో.) కూరని పారబొయ్యమనడం లేదు, దినుసు వేసి వండమంటున్నారు. ఆ దినుసు ఎలా ఉంటుందో నేను ఒక వంటింట్లో చూశాను. పదేళ్ల కిందట ఒక యూదు ఇంట్లో భోంచేశాను, కోడికూర. తిన్నాక అలవాటుకొద్దీ కాఫీలోకి పాలు అడిగాను. ఇంటి పెద్దాయన నవ్వి గోడగడియారం చూపించాడు. మాంసం తిన్నాక ఆరు గంటలు పాల జోలికి పోరు వాళ్లు. జర్మనీ యూదుల ఆచారంలో మూడు గంటలే. "మీకు పాలకాఫీ ఇష్టం లేదా?" అన్నాను. "ప్రాణం" అన్నాడు, నల్లకాఫీ ఒక గుక్క మింగి మొహం చిట్లించి.

ఆ "ప్రాణం" అన్న మాటకి వెనక పెద్ద వాదం ఉంది. పంది మాంసం నాకు సయించదు అనకు; తినాలనే ఉంది, ఏం చేయను, పరలోకంలో తండ్రి వద్దన్నాడు అను, అని పాత పండితుల మాట. తత్వవేత్తలేమో అసలు కోరికే పుట్టనివాడు గొప్ప అన్నారు. 12వ శతాబ్దంలో యూదు పండితుడు మైమోనిడీస్ "ఎనిమిది అధ్యాయాలు" అనే పుస్తకంలో, ఆరో అధ్యాయంలో, రెండింటికీ చోటిచ్చాడు. హత్య, దొంగతనం, మోసం లాంటివి చేయాలనిపించడమే జబ్బు, అక్కడ తత్వవేత్తలది ఒప్పు. పాలూ మాంసమూ కలపడం, ఉన్నీ నారా కలిపి నేసిన బట్ట కట్టడం లాంటివాటిలో కోరిక ఉండాలి, ఉండి ఆగాలి. మరి నీ కుర్రాడు పోరాడుతున్నది దేనితో? పక్కవాడి డబ్బుతోనా, పాలకాఫీతోనా? నువ్వు తేల్చుకోలేదు. అవి రెండు వేర్వేరు కథలు.

ఇంకోటి. నీ కథలో ముందు మనసు మారింది, తర్వాత చేతులు మారాయి. తిరగెయ్. చేసే పనుల వెంటే మనసులు పోతాయని 13వ శతాబ్దపు స్పెయిన్‌లో పుట్టిన సెఫెర్ హహినూఖ్ అనే పుస్తకం చెప్తుంది. నువ్వు ఎంచుకున్న లిథువేనియాలో ఇది నోట్‌బుక్కుదాకా వచ్చింది. మెనాహెం మెండెల్ లెఫిన్ 1808లో ఒక పుస్తకం వేశాడు: 13 గుణాలు, వారానికొకటి, ఏడాదికి నాలుగు చుట్లు, తప్పు జరిగినప్పుడల్లా గడిలో ఒక గుర్తు. పద్ధతి అమెరికావాడు బెంజమిన్ ఫ్రాంక్లిన్‌ది! 1845లో దాన్ని లిథువేనియాలోని విల్నాలో మళ్లీ అచ్చు వేయించినవాడు రబ్బీ ఇశ్రాయేల్ సలాంతెర్. ఒక్క గుణం మార్చుకోవడం కన్నా తాల్ముడ్ అంతా నేర్చుకోవడం తేలికని ఆయన పేరు మీద చెప్తారు. నీ కుర్రాడి చేతికి ఆ గళ్ల పుస్తకం ఇవ్వు. ఈ వారం ఓపిక. మంగళవారం గడిలో మూడు గుర్తులు. ఆ కన్నీళ్ల పేజీ మొత్తం తీసెయ్యొచ్చు.

1896లో మొదలైన నోవర్దోక్ యెషివా కుర్రాళ్లు మందుల షాపుకెళ్లి మేకులు ఉన్నాయా అని అడిగేవాళ్లట, నలుగురూ నవ్వితే తట్టుకోవడం అలవాటు కావాలని. మన రచయితల్ని కూడా వంతులవారీగా పంపాలి. మొదటి వంతు నాదే.

పుస్తకాలతో సరిపెట్టుకోకు. గుంటూరు వైపు, చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే యూదు సమాజం వాళ్లున్నారు, తెలుగువాళ్లే, సబ్బాతు పాటిస్తారు. అనుమతి అడిగి ఒక శుక్రవారం పొద్దుగూకే వేళకి వెళ్లు. ప్రశ్నలు జేబులోనే ఉంచుకుని, ఎవరి చేతులు ఏం చేస్తున్నాయో చూడు.

ముగింపు సంగతి మిగిలింది. తాల్ముడ్‌లోనే, కిద్దుషీన్ అనే భాగంలో, రావ్ అమ్రామ్ అనే భక్తుడి కథ ఉంది. చెర నుంచి విడిపించిన ఆడవాళ్లని ఆయన ఇంటి పై అంతస్తులో ఉంచి నిచ్చెన తీసేస్తారు. వాళ్లలో ఒకామె నడుస్తుంటే పైకంతలోంచి వెలుగు పడుతుంది. పదిమంది ఎత్తలేని నిచ్చెనని ఒక్కడే ఎత్తి ఆనించి ఎక్కుతాడు. సగంలో కాళ్లు ఎడం చేసి నిలదొక్కుకుని, "అమ్రామ్ ఇంట్లో మంటలు!" అని కేక పెడతాడు. పండితులంతా పరిగెత్తుకొచ్చి చూస్తారు. "మా పరువు తీశావు కదయ్యా" అంటారు. ఆ తర్వాత ఆయన ఆజ్ఞాపిస్తే ఆ ప్రేరణ నిప్పు స్తంభంలా బయటికి పోయిందని రాశారు. నేనైతే ఆ స్తంభం దాకా వెళ్లను. నీ కుర్రాణ్ణి కూడా ఆ సగం మెట్టు మీదే వదిలెయ్, కింద జనం చేరుతుండగా.

తిరగరాసి పంపు. తొందరేం లేదు.

నీ
అన్నయ్య

తా.క. నిచ్చెన బరువు మర్చిపోకు. పదిమంది ఎత్తలేనిది.