పాత హల్లర్‌కు మరమ్మతా, కొత్త మిల్లా?

ప్రశ్న: మాది రాయగడ జిల్లా గుణుపురం దగ్గర ఒక పల్లె. నాన్నగారు 1998లో పెట్టిన హల్లర్ మిల్లు నడుపుతున్నాను. ఏడాదికి 1,800 క్వింటాళ్ల వడ్లు ఆడతాం. అందులో 600 మేం కొని బియ్యం చేసి అమ్మేవి, మిగతావి రైతులు కూలికి ఆడించుకునేవి. రెండేళ్లలో రిపేర్లకే 1.4 లక్షలయింది. మొత్తం విప్పి బాగుచెయ్యాలంటే 1.6 లక్షలు అవుతుందని మెకానిక్ చెబితే ఆ డబ్బు సర్ది ఉంచాను. కొత్త మినీ మిల్లు 11 లక్షలని డీలర్ అంటున్నాడు. హల్లర్ తీసేసి రబ్బరు షెల్లర్, పాలిషర్ మాత్రం పెడితే 4 లక్షలట. ఇది కాక పాప చదువుకని వేసిన 5 లక్షల ఎఫ్‌డీ ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: రెండేళ్లలో పెట్టిన 1.4 లక్షలను ముందు లెక్కలోంచి తీసెయ్యండి. నాన్నగారి చేతి మిల్లు, ఇంత ఖర్చు పెట్టాక వదిలెయ్యాలంటే మనసొప్పదు, నాకు తెలుసు. కానీ ఏ దారి పట్టినా ఆ డబ్బు వెనక్కి రాదు. మిల్లుకి ఎన్నేళ్లొచ్చాయన్నది కూడా పెద్ద విషయం కాదు. క్వింటాల్‌కు ఎన్ని కిలోల బియ్యం పోగొడుతోందో అది చూడాలి.

హల్లర్ వడ్లను ఇనుముకేసి రాపాడిస్తుంది. పొట్టూ తవుడూ ఒకేసారి ఊడతాయి, గింజ విరుగుతుంది, నూక కొంత ఊకలోనే పోతుంది. రబ్బరు షెల్లర్‌లో రెండు రోలర్లు వేర్వేరు వేగాలతో తిరుగుతూ పొట్టు మాత్రమే ఒలుస్తాయి, తవుడు తర్వాత పాలిషర్ తీస్తుంది. ప్రభుత్వ సేకరణలో మిల్లరు క్వింటాల్ వడ్లకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు ఇవ్వాలి. హల్లర్‌తో అంత రాదు.

మీది ఎంత ఇస్తోందో డీలర్ మాట మీద నమ్మకండి. ఒకే కుప్పలోంచి రెండు క్వింటాళ్లు తియ్యండి. ఒకటి మీ దగ్గర, ఒకటి రబ్బరు షెల్లర్ ఉన్న మిల్లులో ఆడించి బియ్యం, నూక, తవుడు విడివిడిగా తూచండి. మీ హల్లర్ కింద పడిన ఊక రెండు దోసిళ్లు చేటలో వేసి చెరగండి. చేట అంచున తెల్లగా మిగిలే నూకను కూడా తూచండి.

పరీక్షలో క్వింటాల్‌కు 4 కిలోల బియ్యం ఎక్కువొచ్చిందనుకుందాం. కిలో 35 రూపాయలైతే 140. మరో 5 కిలోలు నూక కాకుండా నిండు గింజగా మిగిలి, కిలోకు 12 రూపాయల తేడా ఉంటే 60. మొత్తం 200. మీ 600 క్వింటాళ్లకు ఏడాదికి 1.2 లక్షలు. రబ్బరు రోలర్లు అరుగుతాయి, వాటికి 20,000 తీసేస్తే లక్ష మిగులుతుంది.

కూలి వడ్లు 1,200 క్వింటాళ్లను ఇందులో కలపొద్దు. అక్కడ పెరిగే బియ్యం రైతువి. గిరాకీ పెరుగుతుందని కూడా ఇప్పుడే రాసుకోకండి. 2024 ఖరీఫ్ నుంచి ఒడిశా ప్రభుత్వం మద్దతు ధర మీద 800 కలిపి ఇస్తోంది. ఆ ఏడు క్వింటాల్‌కు 3,100 వచ్చింది. అంత ధర ఉంటే రైతు వడ్లు మండీకి తోలి, తిండి గింజలే మీ దగ్గరికి తెస్తాడు.

మెకానిక్‌కని సర్దిన డబ్బులోంచి లక్ష పెట్టి, 3 లక్షలు అప్పు తెస్తే 11 శాతం వడ్డీతో అయిదేళ్లకు నెలకు సుమారు 6,520, ఏడాదికి 78,000. దానికి రోలర్ల 20,000 కలిపితే 98,000. అందుకే మీ 600 క్వింటాళ్ల మీద పరీక్షలో తేడా క్వింటాల్‌కు 165 రూపాయలు దాటితే షెల్లర్, పాలిషర్ పెట్టండి. దాటకపోతే బేరింగులు, బెల్టులు మాత్రం మార్చి ఈ సీజన్ గడపండి. 11 లక్షల మిల్లుకైతే, సర్దిన 1.6 లక్షలూ పెట్టేసినా ఏడాదికి 2.45 లక్షల కిస్తీలు. సొంత వడ్లు 1,500 క్వింటాళ్లు దాటేదాకా దాని జోలికి పోవద్దు.

మోటారు మార్చమని కూడా అంటారు. 20 హెచ్‌పీ మోటారు సామర్థ్యం 85 నుంచి 92 శాతానికి పెరిగితే, 900 గంటల ఆటకు మిగిలేది దాదాపు 1,200 యూనిట్లు. యూనిట్ 7 రూపాయలైతే 8,400. ఇప్పుడు వద్దు. ఈసారి కాలినప్పుడు రీవైండింగ్ చేయించకుండా, తక్కువ కరెంటు తాగే ఐఈ3 తరగతి మోటారు కొనండి.

కొటేషన్ జీఎస్టీతో కలిపి అడగండి. లేబుల్ లేని విడి బియ్యం మీద పన్ను లేదు కాబట్టి, మిషను మీద కట్టిన జీఎస్టీ మీకు తిరిగి రాదు.

చిన్న ఆహార శుద్ధి యూనిట్లకు పీఎంఎఫ్‌ఎంఈ పథకంలో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల సబ్సిడీ ఉంటుంది. దరఖాస్తులు తీసుకుంటున్నారేమో రాయగడ జిల్లా పరిశ్రమల కేంద్రంలో కనుక్కోండి. అది బ్యాంకు అప్పుతో ముడిపడ్డది, మూడేళ్లు అప్పు సరిగా నడిచాకే సర్దుబాటు చేస్తారు. అందుకే పై లెక్కలో వెయ్యలేదు. అప్పు మంజూరు కాకముందే అడ్వాన్సు ఇచ్చెయ్యకండి.

మా చిన్నాన్న పర్లాకిమిడిలో పెద్ద మిషను కొని, కరెంటు లోడు పెంచమని ఆలస్యంగా దరఖాస్తు పెట్టాడు. డిసెంబరంతా మిషను టార్పాలిన్ కింద ఉండిపోయింది. కళ్లాలు అయిపోయాక కనెక్షన్ వచ్చింది. మీరు వేసవిలోనే మార్చండి, లోడు సంగతి అంతకంటే ముందే తేల్చుకోండి. మీ రాబడి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకానే కదా, కిస్తీలు సీజన్‌కు తగ్గట్టు పెట్టమని బ్యాంకును అడగండి. కుదరదంటే మెకానిక్ కోసం దాచినదాంట్లో మిగిలే 60,000 విడి ఖాతాలో ఉంచండి. తొమ్మిది కిస్తీలకు సరిపోతుంది. అప్పుడు పాప ఎఫ్‌డీ కదపాల్సిన అవసరం రాదు.