మగ్గం ముందు కూర్చుంటే పరువు పోతుందా?

ప్రశ్న: మాది గాజువాక. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పాసైంది. నీట్ మళ్లీ రాయనంటోంది. పక్కింటామె దగ్గర పట్టు జాకెట్ల మీద మగ్గం వర్క్ నేర్చుకుంటోంది, రోజంతా అదే ధ్యాస. ఇక్కడే ఒక ప్రైవేటు కాలేజీలో ఫ్యాషన్ డిజైనింగ్ డిగ్రీకి ఏడాదికి 2 లక్షలు అడుగుతున్నారు. అప్పు చేసి చేర్పించాలా? మామూలు డిగ్రీ మేలా? కుట్టుపని చేస్తుందంటే రేపు సంబంధాలు ఎలా వస్తాయి? - ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ అసలు ప్రశ్న ఆ చివరిదే. మిగతావి దాని కోసం వచ్చినవే. పెళ్లికి వెళ్లాలంటే జాకెట్ వర్కుకు వేలు పోయడానికి మనకు నామోషీ లేదు. ఆ వర్కు మన పిల్ల చేస్తే మాత్రం తల కొట్టేసినట్టు ఉంటుంది! 'డిజైనింగ్ చదువుతోంది' అని చెప్పుకోవడానికి బాగుంటుందని అప్పు చేస్తే, ఆ ఫీజు కట్టేది పిల్ల కోసం కాదు, చుట్టాల కోసం. కోప్పడుతున్నాననుకోకండి. నిజానికి కొంచెం కోపంగానే ఉంది.

ఇలాంటి డిగ్రీల మీద నాకు చాలా అనుమానాలున్నాయి. చాలాచోట్ల ఎంబ్రాయిడరీ ఒక పేపరు మాత్రమే. పంజాబు ఫుల్కారీ, ధార్వాడ కసూతీ, లక్నో చికన్‌కారీ, జర్దోసీ (జరీ తీగల పని) లాంటి కుట్టు రకాలన్నీ అరచేతంత గుడ్డముక్కల మీద కుట్టి, ఫైల్లో అంటించి, మార్కులు వేయించుకుంటారు. అలా చేస్తే పేర్లు వస్తాయి గానీ చెయ్యి తిరగదు. ఆ కాలేజీకి వెళ్లి, వారానికి ఎన్ని గంటలు మగ్గం మీద కూర్చోబెడతారో అడగండి. నేర్పేవాళ్లలో పనివాళ్లు ఎవరైనా ఉన్నారా? పోయినేడు పాసైన పిల్లలతో ఒకసారి మాట్లాడిస్తారా? నూరు శాతం ప్లేస్‌మెంట్ అని వాళ్లంటే, అది ఎక్కడ? అచ్యుతాపురం దుస్తుల ఫ్యాక్టరీల్లో సూపర్‌వైజర్ పనీ గౌరవమైన ఉద్యోగమే. కానీ మీ అమ్మాయి ఇష్టపడుతున్న పని అది కాదు.

కేంద్ర ప్రభుత్వ ఫ్యాషన్, డిజైన్ సంస్థలైన హైదరాబాద్ నిఫ్ట్, అమరావతి ఎన్ఐడీల సంగతి వేరు. బైపీసీ అయినా అడ్డు లేదు. అక్కడ కూడా ఈమెకు దగ్గరగా ఉండేది ఫ్యాషన్ కాదు, టెక్స్‌టైల్ వైపు చదువు. ఫీజులు అక్కడా తక్కువేం కాదు.

కంప్యూటర్ ఎంబ్రాయిడరీ వచ్చాక చేతిపని ఎవరికి కావాలని ఇంట్లో ఎవరో ఒకరు అనే ఉంటారు. జాకెట్ తిరగేసి చూపించండి. మెషిన్ కుట్టయితే వెనక బాబిన్ దారం (మెషిన్ కింది కండె దారం), గుడ్డకు అంటుకున్న కాగితంలాంటి అస్తరు కనిపిస్తాయి. ఆరీ పనిలో, అంటే కొక్కెం సూదితో చేసే మగ్గం వర్కులో, కుడిచేతి సూది పైనుంచి దిగుతుంది, మగ్గం కింద ఎడమచెయ్యి దారం అందిస్తుంది. అందుకే పైన గొలుసుకుట్టు, వెనక సన్నని గీత. తేలిక పూలూ తీగలూ మెషిన్ పట్టుకుపోయిన మాట నిజమే. జర్దోసీ, పూసలు, నిండుగా నింపే పట్టుదారం పని ఇంకా చేతిదే. దారం సంగతీ తెలియాలి. సిల్క్ థ్రెడ్ పేరుతో బజార్లో దొరికేది చాలావరకు రేయానే. పోగు కాల్చి చూస్తే రేయాన్ కాగితంలా కాలుతుంది, అసలు పట్టు వెంట్రుక కాలిన వాసన వేస్తుంది. పక్కింటామె ఇది నేర్పిందా?

మీరడిగిన పోలికకు నా జవాబు చిన్నదే. అప్పు వద్దు. దగ్గర్లో బీకాం చేర్పించండి, లేదంటే దూరవిద్యలో. లెక్కలు రాయడం, జీఎస్టీ వచ్చి ఉంటే బొటిక్ వాళ్లు రేటు విషయంలో ఆడించలేరు. పగలు కాలేజీ, సాయంత్రం మగ్గం. శ్రావణం, మాఘం ముహూర్తాలకు చేతికి తీరిక ఉండదు. ఆషాఢంలో, మూఢాల్లో ఖాళీ. నడుము నొప్పి, కళ్లకు శ్రమ ఖాయం, ఇవి పిల్లకు ముందే చెప్పండి. సంబంధాల మాటకొస్తే, సొంత సంపాదన ఉన్న పిల్లను చిన్నచూపు చూసే ఇల్లు మీకూ వద్దు.

ఈ వేసవిలో ఒక జాకెట్ మొదటినుంచి చివరిదాకా ఆమె ఒక్కతే చేయనివ్వండి. దారం, పూసల ఖర్చు, పట్టిన గంటలు పుస్తకంలో రాయమనండి. అప్పటికీ మగ్గం వదలకపోతే నిఫ్ట్, ఎన్ఐడీ దరఖాస్తుల గురించి ఆమెనే నాకు రాయమనండి. మీరు కాదు.