కాలాపానీ సిపాయి అనగానే జైలు గదే ఎందుకు గుర్తొస్తుంది?

"1857 తిరుగుబాటు సిపాయిలను అండమాన్ జైల్లో ఎలా ఉంచేవారు?" అని ఒకరు అడిగారు. అప్పటికి అక్కడ జైలే లేదండీ. సెల్యులర్ జైలు కట్టడం మొదలైంది 1896లో, పూర్తయింది 1906లో. ఖైదీల మొదటి ఓడ వచ్చింది 1858 మార్చి 10న. ఆ సిపాయిల చుట్టూ గోడలు లేవు. అడవి, సముద్రం, కాళ్లకు ఇనుప సంకెళ్లు. చెట్లు నరకడమే పని.

నేను పుట్టి పెరిగింది పోర్ట్ బ్లెయిర్‌లోనే. నాన్న శ్రీకాకుళం నుంచి చాథం సా మిల్లులో పనికి వచ్చారు. ఊరి నుంచి ఎవరొచ్చినా జైలు, సాయంత్రం లైట్ అండ్ సౌండ్ షో, పొద్దున్నే బీచ్. ప్యాకేజీ వాళ్లు కూడా అంతే తిప్పుతారు. 1857లో హైదరాబాద్‌లోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడి చేసిన మౌల్వీ అలావుద్దీన్‌ను ఇక్కడికే పంపారని, ఆయన ఇక్కడే కన్నుమూశారని చెబితే మనవాళ్లే నమ్మరు. నాకది చాలా బాధగా ఉంటుంది.

మా బాబాయి వచ్చినప్పుడు మాత్రం మా ఊళ్లోనే అబర్డీన్‌లో సముద్రం ఒడ్డున ఉన్న స్మారకం దగ్గరికి తీసుకెళ్లాను. "ఇది ఎవరిదమ్మా?" అన్నారు. దూధ్‌నాథ్ తివారీ కథ చెప్పాను.

తివారీ బెంగాల్ సైన్యం 14వ రెజిమెంట్ సిపాయి. తిరుగుబాటు, సైన్యం నుంచి పారిపోవడం నేరాలు. యావజ్జీవ ద్వీపాంతరవాసం వేసి కరాచీ నుంచి ఓడెక్కించారు. 1858 ఏప్రిల్ 6న దిగాడు. పదిహేడు రోజులకే సుమారు 90 మందితో కలిసి, దుంగలతో కట్టిన తెప్పల మీద పోర్ట్ బ్లెయిర్ ఎదురుగా ఉన్న రాస్ దీవి నుంచి పారిపోయాడు. అడవి దాటితే బర్మా రాజ్యం వస్తుందని వాళ్ల నమ్మకం. దీవి చుట్టూ నీళ్లేనని వాళ్లకెవరు చెబుతారు! ఆ రోజుల్లో పారిపోయి పట్టుబడ్డవాళ్లను 80 మందికి పైగా ఖైదీల స్థావరం సూపరింటెండెంట్ వాకర్ ఒకేరోజు ఉరి తీయించాడు.

తివారీ వెంట ఉన్నవాళ్లను ఈ దీవుల ఆదివాసులైన అండమానీలు బాణాలతో చంపేశారు. గాయాలతో మిగిలిన ఇతన్ని మాత్రం చివరికి చంపకుండా వదిలేశారు. పుండ్లకు మట్టి పూశారు, తల గొరిగారు, తమతో తిప్పుకున్నారు. లిపా అనే అమ్మాయినిచ్చి పెళ్లి చేశారు. ఏడాదికి పైగా వాళ్లలో ఒకడిగా బతికాడు.

1859 మేలో అబర్డీన్ మీద దాడికి అండమానీలు బయల్దేరారు. వాళ్ల అడవినే కదా నరుకుతున్నది! అంతకుముందు నెల దాడుల్లో వాళ్ల గురి సంకెళ్లున్న ఖైదీల మీద కాదు, పెత్తనం చేసే ఖైదీ మేస్త్రీల మీద. ఎవరు ఎవరో వాళ్లకు బాగా తెలుసు. తివారీ ముందే వెళ్లి వాకర్‌కు కబురు చెప్పేశాడు. బాణాలకు ఎదురుగా తుపాకులు సిద్ధంగా ఉన్నాయి. ఆ స్మారకం అక్కడ చనిపోయిన అండమానీలది. తివారీకి 1860లో క్షమాభిక్ష దొరికింది, ఇంటికి వెళ్లిపోయాడు.

తోటి ఖైదీల ప్రాణాలు కాపాడాడని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. క్షమాభిక్ష కోసమే చేశాడు. సంకెళ్లు వేసినవాళ్లకు, మట్టి పూసి బతికించినవాళ్లను పట్టిచ్చాడు. అలాగని అతనొక్కడిదే తప్పు అనీ అనలేను. ఇంటికి పోవాలన్న ఆశ మనిషిని ఎంతకైనా దిగజారుస్తుంది, ఆ శిక్షలోని అసలు క్రూరత్వం అదే.

అతను వచ్చేసే నాటికి లిపా గర్భవతి. అది చెప్పగానే బాబాయి చాలాసేపు మాట్లాడలేదు. షోకి టికెట్లు తీసి ఉంచాను, టైమవుతోందని గుర్తు చేశాను.

"వద్దులేమ్మా, ఇక్కడే కూర్చుందాం" అన్నారు.