మోటారు తీగలు విప్పే ముందు

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. గుణుపురం రైసు మిల్లులో కరెంటు పని మొత్తం నీ చేతికి వచ్చిందని మీ అమ్మ ఫోనులో చెప్పింది. చాలా సంతోషం. ఆ వెంటనే, పాలిషర్ మోటారు కాలిపోతే నువ్వు పావుగంటలో విప్పి రివైండింగుకు పంపేశావని గొప్పగా చెప్పింది. అది విని మాత్రం నాకు సంతోషం కలగలేదు. పావుగంటలో విప్పావంటే చేయవలసినవాటిలో కొన్ని మానేసి ఉంటావు. ఏవి మానేశావో ఇది చదువుతూ నువ్వే చూసుకో.

మిల్లుల్లో అన్నిటికంటే ప్రమాదమైన మాట "ఆఫ్ చేశాను, విప్పుకో" అన్నది. ఎవరు చేశారు? ఎక్కడ చేశారు? స్టాప్ బటన్ నొక్కితే, మోటారుకు కరెంటు కలిపి తెంచే కాంటాక్టర్ కాయిలుకు వెళ్లే కరెంటు తెగుతుంది, అంతకంటే ఏమీ జరగదు. కాంటాక్టర్ పై టెర్మినళ్ల దగ్గర 415 వోల్టులు ఎప్పటిలాగే కాచుకుని ఉంటాయి. లోపల ఒక కాంటాక్టు కాలి అతుక్కుపోయి ఉంటే ఆ ఫేజు నేరుగా మోటారు తీగలు బిగించే పెట్టెదాకా వస్తుంది. ఒక్క ఫేజుతో మోటారు తిరగదు కాబట్టి, తిరగడం లేదు గనుక కరెంటు లేదనుకుని చేయి పెట్టేస్తారు. ఎమర్జెన్సీ బటన్ సంగతీ ఇంతే. అది మనిషి చేయి బెల్టులో పడినప్పుడు పనికొస్తుంది, తీగలు విప్పడానికి కాదు.

కాబట్టి ముందు స్టాప్ నొక్కి మోటారు పూర్తిగా ఆగనివ్వు. ఆ తరువాతే ఆ మోటారుకు కరెంటు తెచ్చే ఫీడరు బ్రేకరో, లైనును విడదీసే ఐసోలేటరో తియ్యి. ఈ వరుస తారుమారు చేయవద్దు. లోడు మీద ఐసోలేటర్ లాగితే లేచే మంట ముఖం మీదికి వస్తుంది, పాత మిల్లుల్లో ఉండే నైఫ్ స్విచ్చులైతే మరీను. ప్యానెల్ తలుపు మూసి, ఎదురుగా కాక పక్కకు నిలబడి తియ్యి. తీశాక తాళం వెయ్యి. ఆ తాళంచెవి నీ జేబులోనే ఉండాలి. సూపర్‌వైజరు బల్ల మీద ఉన్న తాళంచెవి ఎవరికైనా దొరుకుతుంది. నీతోపాటు ఫిట్టరు కూడా ఆ మోటారు దగ్గర పనిచేస్తుంటే అతని తాళం కూడా పడాలి. బ్రేకర్లకు తాళం పట్టే క్లిప్పులు దొరుకుతాయి, పెద్ద ఖరీదు కాదు. నీ పాత బోర్డులో ఇంకా కిట్‌క్యాట్ ఫ్యూజులే ఉన్నాయని విన్నాను. అలాగైతే మూడు ఫ్యూజులూ ఊడబీకి నీ సంచిలో వేసుకో, బోర్డు మీద పెట్టి వెళ్లకు.

తాళం దగ్గర హెచ్చరిక బోర్డు కూడా తగిలించు. మన వైపు మిల్లుల్లో తెలుగు చదివేవాడు ఒకడు, ఒడియా చదివేవాడు ఒకడు, సవర పల్లెల నుంచి వచ్చే కూలీల్లో రెండూ చదవలేనివాళ్లు కొందరు. ఇంగ్లీషులో డేంజర్ అని రాసి తగిలిస్తే అది ఎవరి కోసం? రెండు లిపుల్లోనూ రాయించి, పక్కన నీ ఫోటో అతికించు. ఈ మనిషి లోపల పని చేస్తున్నాడని ముఖం చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. లైన్‌మన్లు ఎల్.సి. (లైను ఆపామన్న అనుమతి) తీసుకోకుండా స్తంభం ఎక్కరు. మిల్లు లోపల కూడా ఒక పుస్తకం పెట్టి, ఏ మోటారు, ఎవరు ఆపారు, ఎవరు విప్పుతున్నారు అని సంతకాలతో రాయించు. మొదట్లో నవ్వుతారు, నవ్వనీ.

ఇక కరెంటు లేదని తేల్చుకోవడం. స్క్రూడ్రైవర్ టెస్టరును ఈ పనికి నమ్మవద్దు. దాని బల్బు నీ ఒంటి గుండా వెళ్లే కొద్దిపాటి కరెంటుతో వెలుగుతుంది. రబ్బరు మ్యాటు మీదో పొడి చెక్క మీదో నిలబడితే వెలగకపోవచ్చు, ఎండలో వెలిగినా కనిపించదు. మంచి మీటరు కొనిపించు. దాని మీద అది తట్టుకునే స్థాయి, క్యాట్ 3, 600 వోల్టులు అని ముద్ర ఉండాలి. ముందు ఆ మీటరును కరెంటు ఉందని తెలిసిన చోట పెట్టి చూడు, పనిచేస్తోందని తేలాలి. తరువాత మోటారు టెర్మినళ్ల దగ్గర ఫేజుకీ ఫేజుకీ మధ్య మూడు కొలతలు, ప్రతి ఫేజుకీ ఎర్తుకీ మధ్య మూడు కొలతలు తీసుకో. మళ్లీ మొదటి చోటికి వెళ్లి మీటరు ఇంకా పనిచేస్తోందా అని చూడు. ఈ మూడో అడుగును అందరూ వదిలేస్తారు. మధ్యలో కొలిచే ప్రోబు తీగ తెగినా మీటరు సున్నాయే చూపిస్తుందని మరిచిపోవద్దు. ఇంకొకటి: నిన్న ఆంపియర్లు కొలిచి ఎర్ర తీగను ఆ రంధ్రంలోనే ఉంచేసి ఇవాళ వోల్టులు చూడబోతే రెండు ఫేజులనూ షార్ట్ చేసినట్టే.

మూడు లావు తీగలూ చచ్చాయని తేలినంత మాత్రాన పెట్టె అంతా చచ్చినట్టు కాదు. నేను పనిచేసిన కార్ఖానాలో ఒక పెద్ద పంపు మోటారు పెట్టె తెరిచాం. లావు తీగలు బిగించిన మూడు లగ్గుల మీదా సున్నా. మూలన ఫెరూల్ అనే చిన్న గొట్టం తొడిగిన సన్నని తీగలు రెండు ఉన్నాయి. కుర్రవాడు వాటినీ వేలితో పక్కకు తొయ్యబోతుంటే ఆపి మీటరు పెట్టించాను. 230 చూపించింది. అది స్పేస్ హీటరు. వానాకాలంలో వైండింగు చెమ్మగిల్లకుండా మోటారు ఆగిన వెంటనే దానంతట అదే పనిచేయడం మొదలుపెడుతుంది, పైగా దాని కరెంటు వేరే బోర్డు నుంచి వస్తుంది. నీ మిల్లులో అంత పెద్ద మోటార్లు లేకపోవచ్చు. కానీ ఎలివేటరు స్టార్టరు నుంచి బ్లోయరు స్టార్టరుకు, ఒకటి తిరిగితేనే రెండోది తిరిగేలా వెళ్లే ఇంటర్‌లాక్ తీగలు ఉంటాయి కదా, అవీ ఈ కోవలోవే.

వేగం మార్చే డ్రైవు ఉన్న మోటారైతే ఇంకా ఓపిక పట్టు. లోపలి కెపాసిటర్లలో సుమారు 580 వోల్టుల డీసీ నిలిచి ఉంటుంది. ఎన్ని నిమిషాలు ఆగాలో మూత మీదే రాసి ఉంటుంది. ఆగిన తరువాత కూడా డీసీ రేంజిలో కొలిచాకే ముట్టుకో. డిస్‌ప్లే ఆరిపోయింది కదా అనుకోవద్దు. పవర్ ఫ్యాక్టర్ కెపాసిటర్లలో నిలిచిన చార్జీని స్క్రూడ్రైవరు అడ్డం పెట్టి టప్పుమనిపించడం మగతనమనుకునే మేస్త్రీలు ఉన్నారు. వాళ్ల దగ్గర పని నేర్చుకో, ఈ ఒక్కటి మాత్రం నేర్చుకోకు.

గాలివానకు కరెంటు పోయినప్పుడు "ఎలాగూ లేదు కదా, ఈలోగా విప్పేద్దాం" అంటారు. అది చాలా చెడ్డ అలవాటు. లైను ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పరు. ఈలోగా ఎవరో డీజిల్ జనరేటరు తిప్పి ఛేంజోవర్ స్విచ్చును దానివైపు మారుస్తారు. కరెంటు లేనప్పుడు కూడా తాళం, కొలత తప్పవు.

మోటారును విడదీసేముందు యంత్రాన్ని కట్టెయ్యి. బకెట్ ఎలివేటరులో ఒక వైపు డబ్బాల నిండా ధాన్యం ఉంటుంది. బెల్టు వదిలితే ఆ బరువుకు వెనక్కి తిరుగుతుంది. బాయిలరు పొగను లాగే ఐడీ ఫ్యాను చిమ్నీ లాగుడుకే తిరుగుతూ ఉంటుంది.

విప్పేటప్పుడు ప్రతి తీగకూ గుర్తు వెయ్యి. స్టార్ డెల్టా మోటారుకు ఆరు తీగలుంటాయి, జ్ఞాపకం మీద ఆధారపడకు. ఎర్తు అన్నిటికంటే చివర విప్పు, మళ్లీ బిగించేటప్పుడు దాన్నే మొదట బిగించు. మోటారు ఒంటికి రెండు వేర్వేరు ఎర్తు కనెక్షన్లు ఉండాలని 1956 విద్యుత్ నిబంధనల కాలం నుంచీ ఉంది. తిరిగి బిగించేటప్పుడు ఒక్కటి చాలులే అనేవాళ్ల మాట వినకు. మోటారు వెళ్లిపోయాక మిగిలే కేబులు కొనలను ఒట్టి టేపు చుట్టి వదిలేయకు, మీ మిల్లులో ఎలుకలు ఊరుకోవు. మూడు ఫేజులనూ కలిపి ఎర్తుకు బిగించి, పెట్టెలో పెట్టి మూత వెయ్యి. మోటారు వచ్చేదాకా ఫీడరు తాళం తీయవద్దు. ఇక ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ పెట్టిన కేబులులో చార్జీ నిలుస్తుంది, దాన్ని ఎర్తుకు తగిలించాకే పట్టుకో.

విశ్వకర్మ పూజ దగ్గరపడుతోంది. ముందురోజు సాయంత్రం కుర్రవాళ్లు తడిగుడ్డలతో మోటార్లూ ప్యానెళ్లూ తుడిచి పసుపు కుంకుమలు పెడతారు. ఆ సాయంత్రం ప్రధాన బ్రేకరుకు తాళం నువ్వే స్వయంగా వెయ్యి. తాళాలకూ మీటరుకూ డబ్బు అడగడానికి యజమాని దగ్గర మొహమాటమైతే చెప్పు, నేను ఫోను చేసి మాట్లాడతాను.

ఇట్లు,
మీ మామయ్య,
రాయగడ