కొసమెరుపు పిచ్చి

అమ్మాయీ, ఆశీస్సులు.

నీ కథ అందింది. మొదటి పేజీలు బాగానే నడిపావు. చివరి పేజీకి వచ్చేసరికి ఒళ్లు మండింది. రైన్ నది మీద రాత్రిపూట ఎగురుతున్న అమెరికన్ పైలట్, పక్కన వెలుగులు కనపడగానే "గ్రహాంతరవాసులు!" అని అరుస్తాడా? రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న 1944 నవంబరులో ఆ మాట అతని నోట ఎలా వస్తుంది? ఎగిరే పళ్లాల గోల మొదలైందే 1947లో. అప్పటి వాళ్ల భయమల్లా జర్మన్లు ఏదో కొత్త ఆయుధం దించారేమోనని.

జరిగింది నీ కథకన్నా బాగుంది. 415వ నైట్ ఫైటర్ స్క్వాడ్రన్‌ బ్యూఫైటర్ విమానం. నడిపేది ష్లూటర్, రాడార్ చూసేది మియర్స్, వెంట వచ్చింది ఇంటెలిజెన్స్ ఆఫీసర్ రింగ్వాల్డ్. స్ట్రాస్‌బర్గ్ దగ్గర ఎనిమిదో పదో నారింజ రంగు వెలుగులు, వరసగా. నక్షత్రాలేమో అనుకున్నారు. రాడార్‌లో ఏమీ లేదు. విమానాన్ని అటు తిప్పితే మాయం, కాసేపటికి దూరంగా మళ్లీ ప్రత్యక్షం. దిగాక, నవ్వుతారన్న భయంతో ముగ్గురూ కిక్కురుమనలేదట. తిరిగొచ్చిన వాళ్లను కూర్చోబెట్టి ఏం చూశారని అడిగి రాసుకోవడమే రింగ్వాల్డ్ ఉద్యోగం! ఆ మనిషే నోరు మూసుకున్నాడు. కథ అక్కడుందమ్మా, ఆకాశంలో కాదు.

ఈ కొసమెరుపు పిచ్చి నీకెవరు అంటించారో నాకు తెలుసు. నా కుర్రతనంలో ఒక వారపత్రిక సంపాదకుడు, పాఠకుడు ఊరుకోడంటూ నా కథకు చివరి పేరా తనే రాసి అచ్చేశాడు. కొడుకు కోసం ఎదురుచూసే తల్లి కథ అది. ఆయన కొడుకుని ఇంటికి తెచ్చేశాడు! రూమ్ అద్దె కట్టాలి కదా, పారితోషికం తీసుకుని ఊరుకున్నాను. ఇప్పటికీ సభల్లో కలిసినవాళ్లు ఆ పేరానే మెచ్చుకుంటారు.

నీ పైలట్ చూసిన వెలుగుల సంగతికొస్తే, 1953లో అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ కూర్చోబెట్టిన శాస్త్రవేత్తలే విద్యుత్ ప్రభావమో, మంచు స్ఫటికాల మీద పడ్డ వెలుతురో అయి ఉండొచ్చన్నారు గాని గట్టిగా తేల్చలేదు. నీకెందుకు తొందర?

ఏ పత్రికకు పంపాలని అడిగావు, ముందుమాట కూడా అడిగావు. తర్వాత చూద్దాం. రింగ్వాల్డ్ తెల్ల కాగితం ముందు కూర్చున్న దగ్గర్నుంచి మళ్లీ రాయి. పేపర్లో వచ్చే బొమ్మల కథలోంచి తీసి మియర్స్ ఆ వెలుగులకు 'ఫూ ఫైటర్లు' అని పేరు పెట్టాడు, అదీ వాడుకో. ఈసారి టైపు చేయించి పంపు, నీ చేతిరాతతో నా కళ్లు పోయేట్టున్నాయి.