భయంగా ఉంది, చేతిలో డబ్బు లేదు: కెమెరాలు వాయిదాల మీద కొనాలా?

ప్రశ్న: పాపతో కలిసి అద్దె ఇంట్లో ఉంటున్నాను. సంపాదన నాదొక్కదే. జీతం నూరనుకుంటే అద్దెకు 35, తిండికీ పాప చదువుకీ 40, రెండు అప్పుల వాయిదాలకు 20 పోతాయి. పోయిన నెల ఒక రాత్రి ఎవరో బయటి నుంచి మా తలుపు తెరవబోయారు. నేను గట్టిగా అరిచేసరికి వెళ్లిపోయారు. అప్పటి నుంచి నిద్ర లేదు. కెమెరాలు, అలారం కలిపి ఒక సెట్టు 24 నెలల వాయిదాల్లో ఇస్తామంటున్నారు. నెలకు ఆ నూరులో 6 కట్టాలి. వడ్డీ 12 శాతమేనట. అన్నయ్య సాయం చేస్తానన్నాడు కానీ, ఎవరి మీదా ఆధారపడకూడదని నా పట్టుదల. అడ్వాన్సు కట్టేయమంటారా?

జవాబు: కట్టకండి. మీ భయం నిజమైనదే, దాన్ని ఎవరూ తేలిక చేయకూడదు. కానీ ఈ సెట్టు కొంటే మీకు ఒక టెన్షన్‌తో పాటు ఇంకొకటి మొదలవుతుంది.

మీరు రాసిన లెక్క ప్రకారం ఖర్చులన్నీ పోగా నెలకు 5 మిగులుతోంది. కొత్త వాయిదా 6. అంటే మొదటి నెల నుంచే 1 తక్కువ. పాపకు జ్వరం వచ్చిన నెలలో ఆ తేడా ఇంకా పెరుగుతుంది, అప్పుడు క్రెడిట్ కార్డు గీకుతారు. నెలకు 3 శాతం వడ్డీ పడే కార్డు మీద నూరు బాకీ పెట్టి వదిలేస్తే ఏడాది తిరిగేసరికి 142 దాటుతుంది.

ఇక ఆ 12 శాతం సంగతి. అది ఫ్లాట్ వడ్డీ అయి ఉండాలి, అడిగి చూడండి. మీరు నెల నెలా అసలు తీరుస్తూ వస్తున్నా, మొదటి రోజు తీసుకున్న మొత్తం మీదే చివరి దాకా వడ్డీ వేస్తారు. 24 నెలలకు అలా లెక్కేస్తే నిజమైన వడ్డీ రేటు ఏడాదికి 21 శాతం పైనే తేలుతుంది. నెలకు 6 చొప్పున 24 నెలలకు మీరు మొత్తం కట్టేది 144, వస్తువు ధర దాదాపు 116. ఒక నెల జీతం మించిన వస్తువుకు దగ్గర దగ్గర నెలన్నర జీతం పోస్తున్నారు. పైగా చాలా కెమెరాలకు వీడియోలు దాచుకోవడానికి విడిగా నెలసరి రుసుము ఉంటుంది. ఇది అమ్మేవాళ్లు ముందుగా చెప్పరు.

కెమెరా జరిగింది చూపిస్తుంది, తలుపును మాత్రం పట్టుకుని ఆపదు. కాబట్టి ముందు తలుపు దగ్గరకే వెళ్దాం. ఆ రాత్రి జరిగింది పోలీసులకు చెప్పకపోయి ఉంటే ఇప్పుడైనా రాతపూర్వకంగా చెప్పండి. దానికి ఖర్చు లేదు, రేపు మళ్లీ ఏదైనా జరిగితే పాత ఫిర్యాదు మీకు పనికొస్తుంది. తర్వాత ఇంటి యజమానికి ఆ విషయం రాసి, తాళం మార్చమని అడగండి. మీకంటే ముందు అద్దెకున్నవాళ్ల దగ్గర ఇంకా తాళంచెవులు ఉన్నాయో లేవో ఎవరికి తెలుసు? ఇంటి తలుపు బాధ్యత చాలా చోట్ల యజమానిదే. అడగడానికి మొహమాటపడి సొంత జేబు ఖాళీ చేసుకునేవాళ్లను నేను తరచూ చూస్తుంటాను. చాలా బాధనిపిస్తుంది.

ద్వారబంధం చెక్కదైతే ఇంకో పని ఉంది. తన్నినప్పుడు సాధారణంగా ముందు పోయేది తాళం కాదు, గడియ దిగే చోట చెక్కకు బిగించిన చిన్న ఇనుప పలక. దాన్ని పొట్టి స్క్రూలతో బిగించి వదిలేస్తారు. వాటి చోట మూడంగుళాల స్క్రూలు గోడ లోపలి దాకా దిగేలా వేయిస్తే తలుపు బలం బాగా పెరుగుతుంది. వడ్రంగికి అది కాసేపటి పని. గుమ్మం ముందు మనిషి కదిలితే వెలిగే లైటు, బయట ఎవరున్నారో లోపలి నుంచే చూడటానికి తలుపుకు పీప్‌హోల్ కూడా పెట్టించండి. ఏం బిగించినా, మంటలు లేస్తే పాప కూడా లోపలి నుంచి వెంటనే తెరవగలిగేలా ఉండాలి.

ఫోన్లో ఎమర్జెన్సీ బటన్ ఎలా పనిచేస్తుందో ఈ రాత్రే చూసి పెట్టుకోండి. పెప్పర్ స్ప్రే లాంటివి కొనాలనిపిస్తే మీరున్న చోట చట్టం ఒప్పుకుంటుందో లేదో ముందు తెలుసుకోండి. వాటికి గడువు తేదీ కూడా ఉంటుంది.

ఖర్చు పెట్టదగ్గది ఇంకొకటుంది, శిక్షణ. కెనడాలో మూడు యూనివర్సిటీల మొదటి ఏడాది విద్యార్థినుల మీద చార్లీన్ సెన్ బృందం చేసిన అధ్యయనం 2015లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. 12 గంటల శిక్షణ తీసుకున్నవాళ్లలో ఏడాదిలో అత్యాచారానికి గురైనవారు 5.2 శాతం. కరపత్రాలు మాత్రమే అందుకున్నవాళ్లలో 9.8 శాతం. అది ముఖ్యంగా తెలిసిన మగవాళ్ల నుంచి వచ్చే ప్రమాదం గురించిన శిక్షణ. మీ తలుపు దగ్గరకొచ్చిన వాడి సంగతి వేరు. అయినా ప్రమాదాన్ని ముందే పసిగట్టడం, సంకోచించకుండా ఎదురు తిరగడం అక్కడ నేర్పిన విషయాల్లో ఉన్నాయి. మీ దగ్గర ఉచితంగానో తక్కువ ఫీజుకో అలాంటి తరగతులు ఉన్నాయేమో పోలీసు స్టేషన్‌లో, పాప బడిలో అడగండి.

అన్నయ్య విషయంలో మీతో ఒప్పుకోలేను. 21 శాతం వడ్డీకి ముక్కూ మొహం తెలియని కంపెనీ మీద ఆధారపడటం కంటే తోబుట్టువు దగ్గర వడ్డీ లేని చేబదులు తీసుకోవడం మీ ఆత్మగౌరవానికి ఏ లోటూ కాదు. యజమాని ఒప్పుకోకపోతే తాళానికి, లైటుకు అయ్యేంత మాత్రమే అడగండి. ఎంత తీసుకున్నారో, ఏ నెలకు ఎంత తీరుస్తారో కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం చేయండి. మీకు మిగిలే 5లో 2 అన్నయ్యకు, 3 విడి ఖాతాకు. ఆ ఖాతా కార్డు పర్సులో పెట్టుకోకండి.

ఆ 3 ఏడాదికి 36 అవుతుంది. అన్నయ్య బాకీ తీరాక, కింద చెప్పే బీమాకు పోగా 5లో మిగిలేదంతా అక్కడికే. రెండు అప్పుల్లో ఒకటి తీరిన నెల నుంచి దాని వాయిదాను కూడా అందులోనే వేయండి, కనీసం ఒక నెల జీతం పోగయ్యే దాకా. మీ రక్షణకు నేను అన్నిటికంటే ఎక్కువగా నమ్మేది ఈ డబ్బునే. ఆ ఇల్లు ఇక సురక్షితం కాదనిపించిన రోజు ఎవరి అనుమతీ అడగకుండా పాపను తీసుకుని ఇంకో ఇంటికి అడ్వాన్సు కట్టగలిగేది దీనితోనే. ఏ అలారమూ ఆ పని చేయదు.

మీ తర్వాత పాపకు ఎవరని కూడా ఆలోచించాలి. ఉద్యోగం చేసే చోట గ్రూపు బీమా ఉందేమో ముందు కనుక్కోండి. లేకపోతే పొదుపు కలపని, గడువులోపు మనిషి పోతేనే ఇంటివాళ్లకు డబ్బిచ్చే మామూలు టర్మ్ పాలసీ ఒకటి చూడండి. ప్రీమియం ఆ 5లోనే సర్దాలి కాబట్టి అన్నయ్య బాకీ తీరిన నెలలో మొదలుపెడితే చాలు.

అడ్వాన్సు ఇప్పటికే కట్టేసి ఉంటే ఒప్పంద పత్రంలో రద్దు గడువు ఎన్ని రోజులో ఈరోజే చూడండి. గడువు దాటకముందే, వద్దని ఫోన్లో చెప్పి ఊరుకోకుండా, రాసి పంపి అందినట్టు రసీదు తీసుకోండి.